తప్పు రుజువుతో పనిలేని మోటారు ప్రమాద పరిహారం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

రోడ్డు ప్రమాదంలో చనిపోయినవారి వారసులకు, తీవ్రంగా గాయపడినవారికి డ్రైవరు తప్పు నిరూపించనక్కర లేకుండా దక్కే నిర్ణీత సొమ్ము ఇది. దీన్ని వాహన యజమాని గాని, ఇన్సూరెన్స్ కంపెనీ గాని చెల్లించాలి. వాడుకలో ‘నో ఫాల్ట్’ పరిహారం అంటారు. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో ఇలాంటి కేసులను ఆదోనిలోని అదనపు జిల్లా జడ్జి కోర్టు ట్రైబ్యునల్ హోదాలో విచారిస్తుంది.

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ కాలంలో బాధిత కుటుంబానికి 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ దావాయే దారి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1946 జులై 1న తప్పనిసరి అయింది. మోటారు వాహనాల చట్టానికి 1956లో చేసిన సవరణతో ట్రైబ్యునళ్లకు వీలు కలిగింది.

అసలు మలుపు 1977 తరువాత వచ్చింది. ఆ ఏడాది మినూ మెహతా కేసులో సుప్రీంకోర్టు, డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతేనే పరిహారమని తేల్చింది. చూసిన సాక్షి లేని కుటుంబాలకు ఇది పెద్ద దెబ్బ. 1979లో కాంకర్డ్ ఇన్సూరెన్స్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ పరిహార న్యాయం తప్పుతో నిమిత్తం లేని బాధ్యత వైపు నడవాలనీ, మొత్తం ఉదారంగా ఉండాలనీ రాశారు. ఆ మానవీయమైన తీర్పు వెలువడిన మూడేళ్లకు చట్టం మారింది. 1982 అక్టోబరు 1 నుంచి మరణానికి రూ.15,000, శాశ్వత వైకల్యానికి రూ.7,500 నిర్ణయించారు. 1989 జులై 1న అమలైన కొత్త చట్టం 140వ సెక్షన్ కింద వీటిని రూ.25,000, రూ.12,000 చేసింది. 1994 నవంబరు 14 నుంచి అవి రూ.50,000, రూ.25,000 అయ్యాయి. ఏడాదికి రూ.40,000 లోపు ఆదాయం ఉన్నవారికి పట్టిక ప్రకారం లెక్కగట్టే 163-ఎ సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. బాధితులు తామున్న చోటే దరఖాస్తు చేసుకోవచ్చన్న మార్పు మరీ మేలైనది. సుగ్గికని, అంటే కోతల కాలపు వలసకని, గుంటూరు వైపు మిరప కోతలకు పోయి అక్కడి రోడ్డు మీద ప్రాణం పోగొట్టుకున్న కూలీ కుటుంబం ఆదోనిలోనే కేసు వేయగలుగుతోంది.

2018లో పట్టిక మొత్తాన్ని మరణానికి రూ.5 లక్షలకు పెంచారు. 2019 సవరణలోని 164వ సెక్షన్ 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని కింద మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు. పాత 140వ సెక్షన్ సొమ్ము తీసుకున్నాక తప్పు నిరూపించి మిగతాది రాబట్టుకునే వీలుండేది. ఇప్పుడు 164 కింద సొమ్ము అంగీకరిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

సరుకుల బండి సంగతి వేరు. పత్తి మూటలతో ఆదోని యార్డుకు వెళ్లే రైతు సరుకు యజమానిగా 1994 సవరణ నుంచి పాలసీ కిందికి వస్తాడు. అదే బండిలో ప్రయాణికులుగా ఎక్కిన కూలీల బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటప్పుడు భారం బండి యజమాని మీదే పడుతుంది. అతనికి ఆస్తి లేకపోతే తీర్పు కాగితం మీదే ఉంటుంది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీ చెల్లించి, తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించాయి. పడమటి కర్నూలు వలస కూలీలకు అన్నిటికన్నా అవసరమైన రక్షణ ఇక్కడే కొరవడింది.