సముద్రమున విత్తు చల్లిన కథ

పొలమున విత్తు చల్లి పంట కోయుట మానవుడు వేల యేండ్ల క్రిందటనే నేర్చెను. సముద్రమున మాత్రము విత్తకయే కోయుట అతనికి అలవాటు. నీటియందును విత్తవలెనను తలపు పందొమ్మిదవ శతాబ్దమున నార్వే తీరమున బలపడెను. జయాపజయములు రెండును గల ఆ ప్రయత్నము తెలిసికొనదగినది.

కాడ్ అను చేపల జీవితమును పరిశీలించుటకై 1864లో నార్వే ప్రభుత్వము జి. ఓ. సార్స్ అను శాస్త్రజ్ఞుని లోఫోటెన్ దీవులకు పంపెను. చేపగ్రుడ్లు నీటి యడుగున నుండునని అప్పటి సామాన్య విశ్వాసము. కాడ్ గ్రుడ్లు నీటిపై తేలుచుండునని సార్స్ కనుగొనెను. ఆడుచేప గ్రుడ్లతో మగచేప శుక్రద్రవమును కలిపి, పాత్రయందే పిండము పెరుగుట చూచెను.

దీనిని ఆధారముగా గొని గుండర్ డానెవిగ్ అను ఓడ కెప్టెను 1882లో ఆరెండాల్ పట్టణము చెంత ఫ్లోడెవిగెన్ అనుచోట పిల్లల ఉత్పత్తి కేంద్రమును స్థాపించెను. కాడ్ గ్రుడ్డు మిల్లీమీటరున్నర వ్యాసము గలది; చల్లని నీటిలో రెండు మూడు వారములకు పొదుగును. నిలువనీటిలో కుప్పపడిన గ్రుడ్లు ప్రాణవాయువు చాలక చచ్చును. కనుక డానెవిగ్ గ్రుడ్లపెట్టెలను మెల్లగా పైకి క్రిందికి ఊగించు యంత్రమును అమర్చెను. అమెరికాలో స్పెన్సర్ బెయిర్డ్ నాయకత్వమున 1878లో గ్లాస్టర్ రేవునందును, పిమ్మట వుడ్స్ హోల్ నందును ఇట్టి పనియే సాగెను. పొదిగిన పిల్లలను కోట్ల కొలదిగా సముద్రమున విడిచిరి.

అయినను వలలో చేపలు పెరిగెనా? ఒక పెద్ద తల్లిచేప ఒక్క ఋతువునందే లక్షల కొలది గ్రుడ్లు పెట్టును. కోట్ల పిల్లలనగా కొలది తల్లుల సంతానమే. పుట్టిన పిల్ల కొన్ని దినములు తన పచ్చసొనతో బ్రతుకును. అది తీరగనే సూక్ష్మజీవులు ఆహారముగా దొరకనిచో మరణించును. గ్రుడ్డును కాపాడిన మనుష్యులు, పిల్లకు ఆహారమత్యవసరమగు వేళనే దానిని విడిచిపుచ్చిరి. యోహాన్ యోర్ట్ అను శాస్త్రజ్ఞుడు ఈ పనిని శంకించెను. చేపల సంఖ్య హెచ్చుతగ్గులకు ఆయా సంవత్సరపు పిల్లలు బ్రతుకుటయో చచ్చుటయో మూలమని 1914లో ఆయన నిరూపించెను.

వివాదము తేల్చుటకై డానెవిగ్ కుమారుడు ఆల్ఫ్ 1919 నుండి తీరమున వలలు లాగించి చేపపిల్లలను లెక్కింపజొచ్చెను. పిల్లలను విడుచుటవలన లాభమని నిశ్చయముగా తేలలేదు. 1971లో ఆ పని నిలిచిపోయెను. లెక్కింపు మాత్రము శతాబ్దము దాటియు సాగుచున్నది. ఆ లెక్కలే నేడు సముద్రపు మార్పులు తెలుపు అమూల్య నిధి.

గ్రుడ్డు పొదిగించుట సగము పని; పిల్లకు మేత సమకూర్చుట తక్కిన సగము. జపానులో రోటిఫరు అను సూక్ష్మజీవిని మేతగా పెంచుట నేర్చిన పిమ్మట సముద్రపు చేపల పెంపకము స్థిరపడెను. మన విశాఖపట్టణమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు పాంపానో మున్నగు చేపల పిల్లలను ఇట్లే మేపి పెంచుచున్నారు. డానెవిగ్ కోరిన పంట కొంత ఆలస్యముగా, మరియొక దారిన, మన తీరమునకును చేరినది.