పళ్ళెంలో బియ్యం, ఇసుకలో బడి

ఆర్మూరు పసుపు ఊరు. ఆ పసుపునే ముద్ద చేసి గణపతిగా నిలిపాక పిల్లల చదువు మొదలు. అక్షరాభ్యాసానికి చాలామంది గోదావరి ఒడ్డున ఉన్న బాసర దారి పడతారు.

ఇలాంటి తంతు సర్కారు కాగితాలకెక్కింది మాత్రం దూరాన, బళ్లారిలో. 1823లో అక్కడి కలెక్టర్ క్యాంప్‌బెల్ జిల్లాలో 533 బడులున్నాయని లెక్క పంపాడు. అయిదో ఏట గణపతి పూజ, పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో దేవుడి పేరు రాయించడం, ఆపైన ఇసుకలో అక్షరాలు దిద్దించడం. ఐరోపాలోలా ముందు వల్లించడం కాదు, ముందు రాయడమే అని ఆయన ప్రత్యేకంగా గుర్తించాడు.

దొరకు వింతగా తోచింది మన వీధిబడికి మామూలే!

అంతకుముందే మద్రాసు బడిలో ఈ ఇసుకరాత చూసిన ఆండ్రూ బెల్ అనే మరో దొర 1797లోనే లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. 1939లో మద్రాసు వచ్చిన మాంటిస్సోరి పద్ధతిలోనూ పిల్లలు గరుకు కాగితపు అక్షరాలను వేలితోనే తడుముతారు.