గలతా వంతెన: ధర్మమూ, సుంకమూ

పెనుమూడి–పులిగడ్డ వంతెన కట్టకముందు రేపల్లె నుంచి దివిసీమకు పోవలసినవారు కృష్ణ ఒడ్డున పడవ కోసం కాచుకొనేవారు. ఇస్తాంబూల్ ప్రజలు కూడా శతాబ్దాలపాటు పడవలపైనే తమ రేవును దాటారు. ఆ నగరాన్ని చీల్చే గోల్డెన్ హార్న్, రెండు ఏరులు వచ్చి కలిసే సముద్రపు పాయ. ఉస్మానియా సామ్రాజ్యానికి ప్రధానమైన రేవు. వంతెన వేస్తే ఓడలకు దారి ఉండదు. వేయకపోతే పాదచారులకు దారి లేదు.

ఈ చిక్కును కదిలే వంతెన తీర్చింది. 1836లో సుల్తాన్ రెండవ మహమూద్ నీటిపై తేలే దిమ్మెల మీద ఒక వంతెన కట్టించాడు. అందులో ఒక భాగాన్ని తెరచి పెద్ద ఓడలను పోనిచ్చేవారు. దాటేవారి నుంచి రుసుము తీసుకోలేదు గనుక దానికి ‘ఖైరాతియా’ అనే పేరు వచ్చింది. మనమెరిగిన ‘ఖైరాత్’ అనే మాటే ఇది.

1845లో సుల్తాన్ అబ్దుల్ మజీద్ తల్లి బెజ్మియాలెమ్ సుల్తానా సముద్రానికి మరింత చేరువలో ఇంకొక కొయ్య వంతెన కట్టించింది. అదే మొదటి గలతా వంతెన. పేద ముస్లింల కోసం ఆసుపత్రి స్థాపించిన దానశీలి ఆమె. అయినా ఈ వంతెనపై ఉచిత ప్రయాణం మూడు రోజులే సాగింది. తర్వాత నౌకాశాఖ సుంకం విధించింది: నడిచేవానికి 5 పారాలు, వీపున బరువు మోసేవానికి 10, బరువు మోసే పశువుకు 20, గుర్రపు బండికి 100. సైనికులకు, మతాచార్యులకు మినహాయింపు.

తెనాలి బజారులో బస్తాలెత్తే ‘హమాలీ’, ఇస్తాంబూల్ ‘హమాల్’ ఒకే అరబీ పదం నుంచి వచ్చిన పేర్లు. పండితుడు ఉచితంగా దాటిన వంతెనపై హమాలీ రెట్టింపు సుంకం చెల్లించాడు!

వంతెన నిర్వహణకు ధనం అవసరమే. ఉప్పునీటిలో కొయ్య నిలవదు. 1863, 1875, 1912లలో వరుసగా కొత్త వంతెనలు కట్టవలసి వచ్చింది. అయితే ఇస్లామీ సమాజం ఇందుకు ఏనాడో ఒక మార్గం చూపింది: అంగళ్ల అద్దెను, భూముల రాబడిని వంతెనల మరమ్మతుకు వక్ఫ్ చేయడం. అప్పుడు భారం ఉన్నవాని ఆస్తిపై పడుతుంది గాని, లేనివాని వీపుపై పడదు.

గలతా సుంకం 1930 మే 31న రద్దయింది. 1912 నాటి వంతెన 1992లో అగ్నిప్రమాదానికి గురి కాగా, 1994లో దాని స్థానంలో మధ్యభాగం పైకి లేచే వంతెన వచ్చింది.

బావి తవ్వించినా, ముసాఫిర్ ఖానా కట్టించినా, రేపటి మరమ్మతుకు దారి చూపినప్పుడే అది సదఖయె జారియాగా సాగుతుంది. ఆ ఏర్పాటు లేకపోతే ఖైరాత్‌గా మొదలైనది కూడా పేదవాని జేబు వెతకవలసి వస్తుంది.