గండిపేట ఒడ్డు

తీరము కోతపడుట యనగానే మనకు సముద్రము జ్ఞప్తికి వచ్చును. కాకినాడ చెంత ఉప్పాడలో కెరటములు ఒడ్డును, ఇండ్లను కబళించుచున్నవి. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములకు సముద్రము లేదు. అయినను వీటికి చేరువలో ఒక తీరము కలదు, అదియు తరుగుచున్నది. అచ్చట నీరు నేలను కోయును. ఇచ్చట నేలయే నీటిని కోయుచున్నది.

ఈ తీరము కథకు మూలము 1908 సెప్టెంబరు 28వ తేదీ. ఆనాడు మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తెను. సుమారు 15,000 మంది మృతి చెందిరని అంచనా. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించెను. వరదను నగరమునకు ఎగువనే నిలుపవలెనని ఆయన సూచించిరి. తత్ఫలితముగా 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరు వెలసినవి. ఉస్మాన్‌సాగరునే జనులు గండిపేట చెరువందురు. వరదను ఆపుటకు కట్టిన జలాశయములే నగరమునకు మంచినీటి నిచ్చినవి.

అనంతగిరి కొండల నుండి వచ్చు మూసీ నీరు, దారిలోని వాగులు, ఒర్రెల నీరు ఈ చెరువును నింపును. కావున చెరువు క్షేమము కట్ట యొద్ద కాక, ఎగువనున్న చేలగట్ల యొద్దనే ఆరంభమగును. ఇది గుర్తించియే ప్రభుత్వము 1996 మార్చి 8న 111వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించెను. జలాశయములకు 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించెను.

ఈ నిషేధము వలన రైతునకు కష్టము కలుగకపోలేదు. గీతకు ఆవల భూమి ధర ఆకాశము నంటగా, ఈవలివాడు చూచుచు ఊరకుండవలసి వచ్చెను. 2022 ఏప్రిలులో మరియొక ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించెను. అంతకు మునుపే తోటబంగళాలు, విందుశాలలు వెలసినవి. ప్రహరీగోడలు వాగుల నడ్డగించినవి. కృష్ణా, గోదావరి జలములు నగరమునకు చేరిన పిమ్మట చెరువుపై శ్రద్ధయు సన్నగిల్లెను.

వరుసగా వానలు తప్పిన యేండ్లలో చెరువు లోనికి జరుగును. ఎండిన అడుగు మైదానమువలె కనబడును. అచ్చట పశువులను మేపిన వృద్ధునకు నీరు ఎంతవరకు వచ్చెడిదో తెలియును. స్థలము కొనవచ్చిన క్రొత్తవానికి తెలియదు. అతడు గోడ కట్టును. పిదప నీరు తిరిగివచ్చును. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగరు తలుపులు తెరువవలసి వచ్చెను. 2025 సెప్టెంబరు చివరి దినములలో రెండు జలాశయముల నుండియు నీరు విడువగా, మూసీ నగరపు పెద్ద బస్సుస్టేషనులో ప్రవేశించెను. నాటి ప్రళయమునకు అప్పటికి 117 సంవత్సరములు.

ఉస్మాన్‌సాగరు పూర్తి జలమట్టము 1,790 అడుగులు. చెరువు ఒడ్డును ఎండిన యేటి గురుతును బట్టి కాక, నిండిన యేటి ఈ మట్టమును బట్టియే నిర్ణయింపవలెను. ఆ కొలత కాగితముపై భద్రముగనే యున్నది. నేలమీదను నిలుపుకొనుట మన వంతు.