తారామతిని దయ్యం చేసిందెవరు?

గోల్కొండ కోటలో అర్ధరాత్రి, కుతుబ్‌షాహీ ఆస్థానంలో ఆడి పాడిన తారామతి ఆడుతుందట, గజ్జెల చప్పుడు వినబడుతుందట. షూటింగుకొచ్చిన సినిమావాళ్లు భయపడి సామాన్లు సర్దుకున్నారని ఒకరు రాస్తారు, దానికి ఇంకో రెండు చేర్చి మరొకరు రాస్తారు. ఫతే దర్వాజా లోపల పుట్టి పెరిగినవాణ్ని. ఈ రాతలు చూస్తే నాకు కడుపు మండుతుంది.

రాసినవాళ్లలో ఒక్కరైనా సాత్ గుంబద్ దాకా నడిచారా? బంజారా దర్వాజా దాటితే ఎంత దూరమని! కుతుబ్‌షాహీ రాజుల గుంబజులున్న ఆ తోటలోనే తారామతికీ, ఆమె చెల్లెలని చెప్పుకునే ప్రేమామతికీ సమాధులున్నాయి. ప్రేమామతి సమాధి మీద ఫారసీ శాసనం ఉంది. హిజ్రీ 1073, అంటే మన లెక్కలో 1662-63. ఆమెను స్వర్గపు తోటలో గులాబీ అన్నారందులో. అప్పటికి గద్దె మీద ఉన్నది అబ్దుల్లా కుతుబ్‌షా. ఆస్థానంలో ఆడి పాడిన మనిషికి రాజవంశం పక్కనే చోటిచ్చి, పేరు చెక్కించి, తేదీ వేయించారు. ఇంత మర్యాదగా సాగనంపిన మనుషులను పట్టుకొని, దిక్కులేక కోటలో తిరుగుతున్నారని ఎలా అంటారు?

తేదీ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇబ్రహీంబాగులోని తారామతి బారాదరి మండపాన్ని ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడంటారు. అదే నోటితో తారామతి అక్కడ పాడితే రాజు కోటలో విని మురిసిపోయాడని, అక్కాచెల్లెళ్లిద్దరూ తాడు మీద ఆడుకుంటూ కోటకొచ్చేవారని కూడా చెబుతారు. ఇబ్రహీం పోయింది 1580లో. ప్రేమామతి శాసనం వేసింది 80 ఏళ్లు దాటాక. ఏ రాజు విన్నాడు, ఎవరి పాట విన్నాడు? టూరిస్టు పుస్తకాలు ఈ లెక్క వేసుకోవు. నా మట్టుకు రాతి మీదున్న తేదీయే సాక్ష్యం.

చప్పుళ్ల మాటకొస్తే, బాలాహిసార్ దర్వాజా కమాను కింద చప్పట్లు కొడితే కొండ కొసన వినబడుతుందని ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. కింద కావలివాళ్లు పైకి కబురందించడానికి అలా కట్టారు. అలాంటి కోటలో చీకటిపడ్డాక ఏదో వినబడిందంటే వింతేముంది?

నిజంగా దయ్యాలు తిరగాలంటే 1687 చాలదా? ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడిస్తే లోపలా బయటా వేలమంది చచ్చారు. కోటలోని సర్దారు అబ్దుల్లాఖాన్ పన్నీ ద్రోహం చేసి తలుపు తీయించాడు. కుతుబ్‌షాహీ సేనాని అబ్దుర్రజాక్ లారీ ఒళ్లంతా గాయాలయ్యేదాకా కొట్లాడాడు. పన్నీ ఆత్మ దర్వాజా దగ్గర ఏడుస్తుందని ఒక్కరూ రాయలేదు. ఆడి పాడిన ఆడవాళ్లే దొరికారు దయ్యాలను చేయడానికి!

ఆషాఢమొస్తే అదే కొండ మీదికి వేలమంది ఆడవాళ్లు బోనాలెత్తుకొని జగదాంబిక అమ్మవారి దగ్గరికి ఎక్కుతారు. ఆ కోటను ఇవాళ భూతాల బంగ్లాగా చూపిస్తున్నారు. గైడ్లకు నా మనవి ఒకటే: తారామతి కథ చెప్పేముందు వచ్చినవాళ్లను సాత్ గుంబద్‌కు తీసుకెళ్లి ప్రేమామతి సమాధి మీది శాసనం చూపించండి, అందులో ఏముందో తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించండి.