జంగు పట్టిన బోల్టు, కలంకారీ నల్లరంగు: ఒకే కుండలో రెండు కథలు

చరిత్ర అంటే కోటలూ యుద్ధాలే కాదు, మన ఇంటి వెనక మూలన పడి ఉన్న ఇనుప సామానుకీ చరిత్ర ఉంటుందని మనం అప్పుడప్పుడూ అనుకుంటూ ఉంటాం కదా. ఇవాళ అలాంటి సంగతే. పాత కారు పార్టులకు పట్టిన తుప్పు, మన తెలంగాణలో చాలామంది జంగు అంటారు, దాన్ని ఇంట్లోనే ఎలా వదిలించాలి, ఆ విద్య ఎక్కడిది అన్నది మాట్లాడుకుందాం. ఈ విద్యకు సంబంధించిన పెద్ద ముక్క ఒకటి మన దగ్గరే, మెకానిక్ షెడ్డులో కాకుండా బట్టలకు రంగులద్దే వాళ్ల కుండలో ఉంది.

ముందు హయత్‌నగర్ నుంచి మొదలుపెడదాం. ఈ ఊరి పేరు హయాత్ బక్షీ బేగం మీద వచ్చింది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. 1626లో అబ్దుల్లా చిన్న పిల్లవాడిగా గద్దె ఎక్కితే, రాజ్యం నడవడంలో ఆమె మాటకు చాలా బరువు ఉండేది. జనం ఆమెను మా సాహెబా అనేవాళ్లు. మాసబ్‌ట్యాంక్ అన్న పేరు కూడా ఆ మా సాహెబా నుంచి వచ్చిందే. ఆమె పేరిట హయత్‌నగర్‌లో వెలిసిన మసీదు ఇప్పటికీ ఉంది.

ఆ ఊరు అక్కడే ఎందుకు? దారి వల్ల. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి అటువైపే. గోల్కొండ వజ్రాలైనా, బట్టలైనా సముద్రం చేరాలంటే తూర్పుకే పోవాలి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దంలో మచిలీపట్నం, గోల్కొండల మధ్య ప్రయాణం చేశాడు. ఇవాళ మనం విజయవాడ హైవే అంటున్న 65వ నంబరు జాతీయ రహదారి కూడా పుణె నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్లి మచిలీపట్నంలోనే ఆగుతుంది. వందల ఏళ్లు గడిచినా రెండు కొసలూ మారలేదు చూడండి.

ఇప్పుడు ఈ దారికి ఈ కొసన ఏముంది? వనస్థలిపురం, హయత్‌నగర్ పక్కన ఆటోనగర్ ఉంది. లారీలు, కమాన్ పట్టీలు, గేర్‌బాక్సులు, విప్పేసిన ఇంజన్లు. ఆ కొసన ఏముంది? మచిలీపట్నం, దాని పక్కన పెడన. కలంకారీ అద్దకం. ఇక్కడ ఇనుముకు పట్టిన జంగు అంటే బాధ. అక్కడ అదే జంగు సరుకు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మన వైపు ప్రజలకు మోటారు బండి బాగా అలవాటైంది బస్సుతో. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. అప్పటి ఆల్బియన్ బస్సులు స్కాట్లాండులోని గ్లాస్గోలో తయారైనవి. పార్టు పాడైతే ఓడ ఎక్కి రావాలి. అలాంటప్పుడు ఉన్న పార్టును బాగు చేసుకోవడం సరదా ఏమీ కాదు, తప్పనిసరి.

ఇవాళ మళ్లీ ఆ పరిస్థితే వచ్చింది. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. వాటి డోరు కీలు, బంపర్ బ్రాకెట్, జాకీ లాంటివి కొత్తవి కావాలంటే తిరగాల్సిందే. పైగా 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంటేనే ఆ గుర్తింపు. అంటే తాతగారి కారును నిలబెట్టుకోవాలంటే పాత ఇనుమును కాపాడుకోవడమే దారి.

సరే, జంగు అంటే అసలు ఏంటి? ఇనుముకు నీళ్లూ గాలీ రెండూ తగిలితే, ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి పొడిగా మారుతుంది. ఆ పొడి ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పొరలు పొరలుగా ఉబ్బి రాలుతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది, దానికీ పడుతుంది. ఉప్పు తగిలితే ఇంకా తొందరగా. ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. జంగు ఇనుము మీద పడ్డ దుమ్ము కాదు, జంగుగా మారింది ఇనుమే. కాబట్టి మనం జంగు తీస్తాం గానీ, పోయిన ఇనుమును వెనక్కి తేలేం. మిగిలినదాన్ని కాపాడుకుంటాం, అంతే.

చాలామంది చేసే పని ఏంటంటే, బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి పోసేస్తారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పని నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ అది జంగు దగ్గర ఆగదు, మంచి ఇనుమును కూడా తింటుంది. దాని పొగ ఊపిరితిత్తులకు చేటు. అదే గదిలో ఉన్న పనిముట్లన్నిటికీ ఆ పొగ తగిలి వాటికీ జంగు పడుతుంది. సరిగ్గా కడగకపోతే తెల్లారేసరికి పార్టు మళ్లీ ఎర్రబడుతుంది. ఇంకోటి, యాసిడ్ పనిచేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుగా చేస్తుంది. స్ప్రింగులు, కమాన్ పట్టీలు, గట్టి బోల్టులు పైకి మెరుస్తూనే ఉంటాయి, బరువు పడ్డప్పుడు పుటుక్కున విరుగుతాయి. మరి మెల్లగా పనిచేసేది, పట్టీని కాకపోయినా మామూలు పార్టును పాడు చేయనిది ఏదైనా ఉందా?

ఇప్పుడు హైవే చివరికి పోదాం. కలంకారీలో నల్లరంగు ఎలా చేస్తారో తెలుసా? మచిలీపట్నంలో అచ్చులతో వేసినా, శ్రీకాళహస్తిలో కలంతో గీసినా నలుపు తయారీ ఒక్కలాంటిదే. కుండలో నీళ్లు పోసి, బెల్లం కలిపి, అందులో జంగు పట్టిన ఇనుప ముక్కలు వేస్తారు. పాత మేకులు, విరిగిన రేకులు, గుర్రపు నాడాలు, ఏవైనా సరే. రెండు మూడు వారాలు నాననిస్తారు. బెల్లం నీళ్లు పులుస్తాయి. పులుపు పుట్టాక అది ఇనుమును, దాని మీది జంగును కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. ఆ నీళ్లను వడగట్టి వాడతారు.

అప్పటికి ఆ నీళ్లు నల్లగా ఉండవు. బట్టను ముందే కరక్కాయ, గేదె పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. పాలలోని వెన్న రంగు పాకకుండా చూస్తుంది. కరక్కాయలో వగరు ఉంటుంది కదా, దాన్నే రసాయన శాస్త్రంలో టానిన్ అంటారు. ఇనుము కరిగిన నీళ్లు ఆ వగరుకు తగలగానే గీత నల్లబడుతుంది. ఉతికినా పోదు. కుతుబ్‌షాహీల కాలంలో పర్షియా దాకా, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో దిగాక లండన్ దాకా వెళ్లిన బట్టల మీద గీతలకు ఈ నలుపే వాడారు.

ఇప్పుడు ఆ కుండను అటు నుంచి ఇటు చూడండి. అద్దకం వాళ్లకు కావాల్సింది నీళ్లు, వాళ్లు ఇనుప ముక్కలు పక్కన పడేస్తారు. మనకు కావాల్సింది ఆ ఇనుప ముక్క! ప్రపంచమంతా పాత కార్లు బాగుచేసుకునేవాళ్లలో బాగా పేరున్న పద్ధతి ఒకటుంది, అదే మొలాసిస్ తొట్టి. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డిని నీళ్లలో కలిపి, జంగు పట్టిన పార్టులు వారాల తరబడి నానబెడతారు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో చేస్తారు. చేసేది మాత్రం మన కలంకారీ కుండలో జరిగే పనే.

ఇంట్లో చేసుకునే తీరు చెబుతాను. ఒక పాలు మొలాసిస్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు. పశువుల దాణా అమ్మే చోట మొలాసిస్ దొరుకుతుంది, లేదంటే మామూలు బెల్లం. నల్లబెల్లం మాత్రం బకెట్ల కొద్దీ కొని నానబెట్టకండి. గుడుంబా కోసమేమో అని ఎక్సైజ్ వాళ్లు తలుపు తడితే, నాయనా ఇది అంబాసిడర్ బంపర్ అండీ అని నమ్మించడం కష్టం. పార్టుకు గ్రీజు ఉంటే ముందు కిరోసిన్‌తో తుడిచి, సబ్బు నీళ్లతో కడగాలి. జిడ్డు ఉన్న చోట పులుపు పనిచేయదు. ప్లాస్టిక్ బకెట్ వాడాలి. పార్టు పూర్తిగా మునగాలి, పైకి తేలిన గీత దగ్గర మచ్చ పడుతుంది. మూత బిగించొద్దు, పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది. వాసన కూడా వస్తుంది, వంటింటికి దూరంగా పెట్టుకోండి. వారం నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. మూడు నాలుగు రోజులకోసారి తీసి వైర్ బ్రష్‌తో రుద్ది చూడాలి. అల్యూమినియం పార్టులు, జింకు పూత ఉన్నవి అందులో వేయకూడదు, అవి కరిగిపోతాయి.

తీశాక ఆగొద్దు. ఇక్కడ కలంకారీ మనకొక హెచ్చరిక కూడా ఇస్తుంది. మ్యూజియంలలో ఉన్న పాత కలంకారీ బట్టల్లో నల్ల గీత ఉన్నచోటే నూలు తినేసి చిల్లులు పడటం కనిపిస్తుంది. ఎరుపు, నీలం బాగానే ఉంటాయి. ఇనుమూ పులుపూ మిగిలిపోతే అవి వందల ఏళ్ల తర్వాత కూడా పని చేస్తూనే ఉంటాయన్నమాట. బట్టకైనా పార్టుకైనా సూత్రం ఒకటే. బయటకు తీయగానే నీళ్లతో బాగా కడిగి, వేడి నీళ్లతో ఇంకోసారి కడిగి, ఎండలో గానీ వేడిగాలితో గానీ పూర్తిగా ఆరబెట్టి, వెంటనే నూనె పూయాలి, లేదా ప్రైమర్ వేయాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే సాయంత్రానికి మళ్లీ ఎర్రబడి ఉంటుంది.

మరి కరక్కాయ సంగతి? అదీ పనికొస్తుంది. కొన్ని పార్టులు నానబెట్టలేం. ఛాసిస్‌ను బకెట్లో ముంచలేం కదా. అక్కడ పొరలుగా లేచిన జంగును రాచి, ఊడ్చి, గట్టిగా అంటుకున్న పల్చటి జంగు మీద టానిన్ ద్రావణం పూస్తారు. జంగు నల్లటి పొరగా మారిపోతుంది. బజారులో రస్ట్ కన్వర్టర్ పేరుతో అమ్మే వాటిలో చాలావాటిలో ఉండేది ఈ టానిక్ యాసిడే, ఇంకొన్నిటిలో ఫాస్ఫారిక్ యాసిడ్. తవ్వకాల్లో దొరికిన ఇనుప వస్తువులకు మ్యూజియం వాళ్లు కూడా టానిక్ యాసిడ్ వాడతారు. కలంకారీ బట్ట మీద జరిగేదే ఇనుము మీద జరుగుతుంది. అయితే ఆ నల్లపొర ఒక్కటే సరిపోదు, దాని మీద పెయింటు ఉండాలి.

ఇంకో పద్ధతి కరెంటుతో. దీనికీ మన నేలకూ ఒక చుట్టరికం ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో ఉక్కు తయారు చేసేవాళ్లు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు, కత్తుల కోసం. అలాంటి దక్షిణ భారత ఉక్కును ఇంగ్లీషువాళ్లు ఊట్జ్ అన్నారు. లండన్‌లో 1819లో దాన్ని పరీక్షించినవాడు మైకేల్ ఫారడే. ఆయన కమ్మరి కొడుకు. మన ఉక్కు రహస్యం పట్టుకోవాలని మూడు నాలుగేళ్లు తంటాలు పడ్డాడు. ఆ తర్వాత 1830ల్లో ఆయనే కరెంటుతో ద్రావణాలు విడిపోయే నియమాలు చెప్పాడు. ఇవాళ బకెట్లో చేసే జంగు వదిలింపు ఆ నియమాల మీదే నడుస్తుంది.

బకెట్ నీళ్లలో లీటరుకు ఒక చెంచా బట్టల సోడా. పనికిరాని ఇనుప ముక్క బ్యాటరీ ఛార్జర్ ప్లస్‌కు, మన పార్టు మైనస్‌కు. రెండూ తగలకూడదు. ఇనుప ముక్క బదులు స్టీలు గరిటె పెట్టొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు నుంచి విషపు క్రోమియం నీళ్లలోకి వస్తుంది. సోడా బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. ఆరుబయట చేయాలి, వచ్చే హైడ్రోజన్‌కు నిప్పు తగలకూడదు. ఛార్జర్ ఆపాకే నీళ్లలో చేయి పెట్టాలి. స్ప్రింగులకు ఇదీ పనికిరాదు.

చివరగా ఒక మాట. జంగు వదిలాక గుంటలు పడ్డట్టు కనిపిస్తే, అది బ్రేకు పార్టో స్టీరింగు పార్టో అయితే దాన్ని అల్మారాలో పెట్టుకోండి, బండికి బిగించకండి. డోరు కీలు గుంట పడితే కారు కిర్రుమంటుంది, స్టీరింగు కడ్డీ విరిగితే మనిషి పోతాడు. ఏది దాచుకోవాలి, ఏది వాడాలి అన్న తేడా తెలిసినవాడే మంచి పనివాడు.

పెడనలో అద్దకం వాళ్లు రసాయన శాస్త్రం పుస్తకం చదివి కుండ పెట్టలేదు. ఎన్నాళ్లు నాననివ్వాలో, ఎప్పుడు తీయాలో చూసి చూసి నేర్చుకున్నారు, పిల్లలకు నేర్పారు. ఆటోనగర్‌లో పాత మేస్త్రీలదీ అదే చదువు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే దారి రెండు కొసలా బతికారు. మీ ఇంట్లో, మీ ఊళ్లో పెద్దవాళ్లు జంగు వదిలించడానికి ఏం వాడేవాళ్లో అడిగి తెలుసుకోండి, రాసి పెట్టుకోండి. అలా అడగకపోవడం వల్లే కోనసముద్రం కమ్మరుల విద్య చాలామటుకు చేజారింది. ఇది చేజారనివ్వకూడదు.