గాలికి రంగు వేసినవాళ్లు

నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది. ప్రకృతి దృశ్యాలు వేసేవారికి ఆ ఆలస్యమే వరమైంది. తడి రంగులో తడి రంగు కలిపి అంచులు కరిగించవచ్చు. ఆరిన ముదురు రంగు మీద లేత రంగు పలచగా రుద్దితే అడుగున ఉన్నది మంచు కప్పినట్టు కనిపిస్తుంది.

దూరపు కొండలు నీలంగా కనబడటానికి మధ్యనున్న గాలే కారణమని లియొనార్డో డా విన్సీ తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. మోనాలిసా వెనక కొండలు చూడండి, తెలుస్తుంది. 17వ శతాబ్దంలో క్లాడ్ లొరేన్ రోమ్ పొలిమేరల ఎండను పట్టుకున్నాడు. డచ్చి చిత్రకారుడు రూయిస్‌డాల్ నేలను కిందికి నెట్టి, పైనంతా మబ్బులకే వదిలాడు.

అయినా ఆకాశాన్ని శ్రద్ధగా చదివిన చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ అనే అంటాను. తండ్రికి పిండిమరలుండేవి. కుర్రతనంలో గాలిమరలో పనిచేసినవాడికి మబ్బు పోకడ కనిపెట్టడం ఇంటి విద్య. 1821, 1822లలో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో ఆరుబయట కూర్చుని, చిన్న కాగితాల మీద నూనె రంగులతో మబ్బులను వేశాడు. మబ్బు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి చెయ్యి వేగంగా ఆడాలి. చాలా కాగితాల వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాసి ఉంటాయి. ఒకదాని వెనక ఆ రాత్రి వాన కురిసిన సంగతి కూడా ఉంది! ఆయన చిత్రం ‘హే వెయిన్’కు 1824లో పారిస్ సలోన్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది.

మరో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1844లో ‘వాన, ఆవిరి, వేగం’ అనే చిత్రాన్ని చూపించాడు. వంతెన మీద వస్తున్న రైలులో స్పష్టంగా కనిపించేది నల్లటి పొగగొట్టమే. మిగిలినదంతా వాన, ఆవిరి, ముద్దగా పూసిన పసుపు వెలుగు.

ఈలోగా 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ రంగులు నింపే లోహపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు రంగును పంది మూత్రాశయపు సంచుల్లో మోసుకెళ్లేవారు. ట్యూబులొచ్చాక ఆరుబయట పని సులువైంది. 1899 నుంచి 1901 వరకు మూడుసార్లు లండన్ వెళ్లిన ఫ్రెంచి చిత్రకారుడు మోనే, థేమ్స్ మీది బొగ్గు పొగమంచు రంగు మారినప్పుడల్లా క్యాన్వాస్ మార్చేవాడు. ఇంటికొచ్చి ఏళ్లపాటు దిద్ది, 1904లో పారిస్‌లో 37 చిత్రాలు ప్రదర్శించాడు.

అచ్చులో ఈ పూతల మందం తెలియదు. లండన్ వెళ్లే తెలుగువారు ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీకి తప్పక వెళ్లండి. ‘హే వెయిన్’, టర్నర్ రైలు రెండూ అక్కడే ఉన్నాయి. ప్రవేశం ఉచితం.